పక్కింటి గుమ్మంలో జుకినీ

ఆగస్టు వచ్చిందంటే మా ఒహాయో తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక గొడవ ఖాయం. "ఇవాళ నేషనల్ పుచ్చకాయ డే అట" అని ఎవరో ఓ బొమ్మ పెడతారు. వెంటనే ఇంకో పెద్దమనిషి "పుచ్చకాయకీ ఒక రోజా? ఈ అమెరికా వాళ్ళకి పనీపాటా లేదు" అంటాడు. ఆ పెద్దమనిషే పోయినేడు డోనట్ డే నాడు ఉచిత డోనట్ కోసం లైన్లో నాకు ముందున్నాడు. పేరు చెప్పను. అంటే నేనూ లైన్లో ఉన్నానని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

అయినా పనీపాటా లేకపోవడం గురించి మనమా మాట్లాడేది? చవితి చంద్రుణ్ణి చూశామని పక్కింటి పెంకుల మీద రాళ్ళేసి, వాళ్ళ చేత శుభ్రంగా తిట్టించుకుని దోషం వదిలించుకున్నవాళ్ళం!

నాకు ఈ పిచ్చి రోజులంటే ఇష్టం. అన్నీ కాదు, కొన్ని. "నేషనల్" అన్న మాట చూసి వాషింగ్టన్‌లో ఎవరో సంతకం పెట్టారనుకుంటాం గానీ, చాలావాటికి ఎవరి సంతకమూ లేదు. ఇలాంటివన్నీ పోగేసి 1957 నుంచే చేసెస్ క్యాలెండర్ అని ఏటా పుస్తకం వస్తోంది. 2013లో నార్త్ డకోటాలోని మాండాన్ అనే ఊళ్ళో మార్లో ఆండర్సన్ అనే ఆయన ఈ రోజుల కోసమే ఒక సైట్ తెరిచాడు. ఈ సరుకుకి అదిప్పుడు పంచాంగం లాంటిది. నిజంగా ప్రెసిడెంటు సంతకం పడింది ఐస్‌క్రీమ్‌కి. 1984లో రీగన్ జూలై నెల మొత్తాన్నీ ఐస్‌క్రీమ్ నెలగా, అందులో మూడో ఆదివారాన్ని ఐస్‌క్రీమ్ డేగా ప్రకటించాడు. దానివల్ల పాడి పరిశ్రమకి ఎంత లాభమో వేరే చెప్పాలా? అక్టోబరులో రెండో శుక్రవారం వచ్చే గుడ్ల రోజూ అంతే, 1996లో గుడ్ల వ్యాపారుల సంఘం మొదలెట్టినదే. మనమేం తక్కువ తినలేదు. మార్చి 30న ఇడ్లీ రోజు ఉంది చూడండి, అది చెన్నైలో ఇడ్లీల వ్యాపారం చేసే ఇనియవన్ గారి చలవ. ఇడ్లీ కాబట్టి ఊరుకున్నాను.

నా లెక్క ఒక్కటే. ఆ రోజు నేనేమైనా కొనాలా, చెయ్యాలా? కొనాలంటే నాకక్కర్లేదు. ఆ లెక్కన ఆగస్టు 2 ఐస్‌క్రీమ్ శాండ్‌విచ్, 4 చాక్లెట్ చిప్ కుకీ రెండూ ఎగిరిపోయాయి. 10 బద్ధకం రోజు, దానికి నేనేం ప్రత్యేకంగా చెయ్యక్కర్లేదు. 15 రిలాక్సేషన్ డేట! మనకి ఇది చిన్నప్పట్నుంచీ అలవాటే కదండీ. తెల్లారగట్ల లేచి ఇస్త్రీ బట్టలేసుకుని, ఎండలో నిలబడి నాలుగు ప్రసంగాలు విని, చేతిలో పెట్టిన రెండు చాక్లెట్లు తినేసి, పదింటికల్లా ఇంటికొచ్చి పడుకోవడమే.

13వ తారీకు మాత్రం మా ఇంట్లో ఘనంగా జరిగింది. అది ఎడమచేతి వాటం వాళ్ళ రోజు, 1976 నుంచీ ఉంది. మా ఎనిమిదేళ్ళవాడిది ఎడమచేతి వాటం. మా అమ్మ తెనాలి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ "ఆ చెయ్యి కాదు నాన్నా" అని ఒకటే జపం. అందుకని ఆ రోజు ఇంటిల్లిపాదీ ఎడం చేత్తోనే పనులు చెయ్యాలని రూలు పెట్టాను. మా ఆయన కాఫీ సగం సాసర్లో, సగం గట్టు మీద పోశాడు. నేను పాల ప్యాకెట్ కోద్దామని కత్తెర ఎడం చేత్తో పట్టుకుంటే అది కొయ్యడం లేదు, నములుతోంది. మా వాడు చూసి చాలా మామూలుగా అన్నాడు: "క్లాసులో నా కాగితాలన్నీ అలాగే వస్తాయమ్మా." మేమే ఇన్నాళ్ళూ వాడికి పొందిక లేదని తిట్టాం. మధ్యాహ్నం ఆర్డరు పెట్టాను, ఎడమచేతి వాళ్ళ కత్తెర. (కొననన్నాను కదా. ఇది లెక్కలోకి రాదు.)

అమ్మ రామకోటి పుస్తకం తీసి ఎడం చేత్తో ఒక్క "శ్రీరామ" రాసింది. అరపేజీ పట్టింది. కలం కింద పెట్టి, "మీ తాతయ్య కూడా ఎడమచేతి మనిషేరా. బళ్ళో పంతులు వేళ్ళ మీద కొట్టి కొట్టి మాన్పించాడట" అంది. నాన్న సుత్తి ఎడం చేత్తో పట్టడం చిన్నప్పుడు నేనూ చూశాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అన్నం దగ్గర మాత్రం మర్నాటి నుంచే అమ్మ జపం మళ్ళీ మొదలైంది లెండి.

ఇక అసలు పండగ ఆగస్టు 8న. పక్కింటి గుమ్మంలో గుట్టుచప్పుడు కాకుండా జుకినీ (చూడ్డానికి దోసకాయలా ఉండే గుమ్మడి జాతి కాయ) పెట్టి వచ్చే రోజు. నేను కల్పించింది కాదు. పెన్సిల్వేనియాలో థామస్ రాయ్, రూత్ రాయ్ అనే దంపతులు ఇలాంటి రోజుల్ని డజన్ల కొద్దీ పుట్టించారు, అందులో ఇదొకటి. దొడ్లో జుకినీ వేసినవాళ్ళకి దీని అవసరం ఎవరూ చెప్పక్కర్లేదు. మేలో మంచు భయం పోయాక నాలుగు మొక్కలు పెట్టాను. ఇద్దరికి ఒక్క మొక్క చాలని ఎవరూ చెప్పలేదు. ఆకు చాటున ఒక కాయ రెండు రోజులు కంటపడలేదా, మోచేతంత అయి కూర్చుంటుంది. అమ్మ దానితో పప్పు చేసింది, నువ్వులేసి పచ్చడి నూరింది, బజ్జీలు వేసింది. వేపుడు చేస్తే నీళ్ళూరి పులుసైంది. "ఇది బీరకాయా కాదు, దోసకాయా కాదు" అని విసుక్కుంది.

నేను ఆ రోజు సంగతి చెప్పగానే ముందు తేలిగ్గా తీసేసింది. "ఇచ్చేదేదో తలుపు కొట్టి ఇవ్వొచ్చుగా, దొంగతనంగా ఎందుకే? మన ఊళ్ళో అయితే దొడ్లో కాయలు దొంగతనంగా కోసుకుపోయేవాళ్ళు." రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆవిడే నూలు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నా స్పోర్ట్స్ షూస్ వేసుకుని సిద్ధమైంది. సంచిలో మూడు కాయలు. నేనూ మా వాడూ పొద చాటున కాపలా. వేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి, సంచి పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. "చవితి నాడు కరణం గారి పెంకుల మీద రాయేసి పరిగెత్తినట్టుందే" అని ఆయాసపడుతూ నవ్వింది. ఆవిడ అలా నవ్వి చాలా కాలమైంది.

మర్నాడు సాయంత్రం పక్కింటావిడ జుకినీ బ్రెడ్డు పట్టుకుని వచ్చింది, ఇంకా వెచ్చగానే ఉంది. రెండో చేతిలో ఫోను. వాళ్ళ కాలింగ్ బెల్లుకి కెమెరా ఉన్న సంగతి మాకు తట్టనే లేదు. చీరా, షూలూ, అటూ ఇటూ దొంగచూపులూ, అన్నీ పడ్డాయి. నేను సిగ్గుతో చస్తుంటే అమ్మ బ్రెడ్డు ముక్క తుంచి నోట్లో వేసుకుని, "ఏలకులు పడాల్సింది" అంది. తర్వాత నా మోచెయ్యి గీరి, "ఆ వీడియో నాకు పంపమని అడగవే, మీ పిన్నికి చూపించాలి."