‘ఏం గాదులే’ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ ‘ఏం గాదులే’ గారికి,

గుత్తి దగ్గరి పల్లెనుంచి ఒక లెక్కల అయ్యవారు నమస్కరించి రాసుకునే విన్నపం. ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టబోయి కలం ఆపినాను. ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. మా సంగతి మీకు తెలియదనుకోను. నిన్న సాయంత్రం కర్నూల్లో ఒక గదిలో మీరు స్వయంగా మా నాయిన భుజం తట్టి పోయినారు కదా.

పదకొండుకు రమ్మన్నారు, పదకొండుకే ఉన్నాం. తెల్లారకముందే బస్సెక్కి, డోన్‌లో నాయినకు రెండు ఇడ్లీలు పెట్టించి (ఒకటిన్నర తిన్నాడు), టోకెను తీసుకొని, వరండాలో తిరగని ఫ్యాను కింద బెంచీ మీద కూర్చున్నాం. ఐదు గంటలు. దాని గురించి నాకేం పేచీ లేదు. లోపల డాక్టరు ముందు ఎంత మంది ఉన్నారో కళ్లారా చూసినాను, ఆయన కూడా అన్నం తిన్నట్టు లేదు. ఆయన మీద కోపం లేదండీ. మీ మీదే.

నాలుగ్గంటలకు పిలిచినారు. "పేషెంటు కూర్చోండి. అటెండరెవరు? మీరిట్ల బయటికి రాండి." మందుల అట్టపెట్టెల పక్కన నన్ను నిలబెట్టి రెండు నిమిషాల్లో చెప్పేసినాడు. పేగుల్లోని క్యాన్సరు లివరుకు పాకిందంట. ఆపరేషను చేసి లాభం లేదంట. కీమో ఇస్తే కొన్నాళ్లు పట్టి ఉంచొచ్చంట. "పెద్దాయనకు మాత్రం చెప్పొద్దు, ధైర్యం చెడతాడు." అంటూనే లోపలికి పోయి, "ఏం గాదులే పెద్దాయనా! మందులు రాస్తాండా, బాగా తిను" అన్నాడు. కడుపు ఆయనది, నొప్పి ఆయనది, ఆరోగ్యశ్రీ కార్డు మీద వేలిముద్ర కూడా ఆయనదే. కబురు మాత్రం నాకు.

సంక్రాంతి నుంచి మీరు మా ఇంట్లోనే కాపురముంటున్నారు. మొదట గ్యాస్ట్రబుల్ వేషంలో వచ్చినారు. తర్వాత ఫోన్లో మా అక్క నోట, వీధిలో కనబడిన ప్రతి మనిషి నోట మీరే. బొప్పాయాకు రసం తెచ్చిన పెద్దమ్మ, సోడాఉప్పుతో క్యాన్సరు కరిగిపోతుందని వాట్సాపు పంపిన బామ్మర్ది, వీళ్ల లెక్క వేరే ఉంది. దాన్ని ఇంకో ఉత్తరంలో తేలుస్తా.

ఆ ఐదు గంటలు ఊరికే కూర్చోలేదు. స్కాను రిపోర్టులో ఉన్న ‘మెటాస్టాసిస్’ (క్యాన్సరు వేరే చోటికి పాకడం) అనే ముక్క పట్టుకొని ఫోన్లో వెతుకుతా పోయినాను. లెక్కలోణ్ని కదా, అంకె కనిపిస్తే వదలను. మీకు అమెరికాలో కూడా చుట్టాలున్నారని అప్పుడే తెలిసింది. 2012లో జేన్ వీక్స్ అనే క్యాన్సరు డాక్టరమ్మ బృందం, జబ్బు ఒళ్లంతా పాకినాక కీమో తీసుకుంటున్న వాళ్లను అడిగి చూసిందంట. ఆ మందుతో జబ్బు నయమయ్యేది లేదన్న సంగతి మనసుకెక్కనివాళ్లు ఊపిరితిత్తుల క్యాన్సరులో నూటికి 69, పెద్దపేగు క్యాన్సరులో 81. నూటికి 81! మా బడి పదో తరగతి ఫలితాల్లో ఆ అంకె కనబడితే హెడ్మాస్టరు ఊరంతా మిఠాయి పంచుతాడు.

జేమ్స్ టల్‌స్కీ అని ఇంకో డాక్టరు. జబ్బు ముదిరినవాళ్లతో డాక్టర్లు ఎట్ల మాట్లాడతారో రికార్డు చేసి వినడమే ఆయన పరిశోధన. ఆయన బృందం 2007లో 398 సంభాషణలు విని లెక్క తేల్చింది. రోగి భయమో దిగులో బయటపెట్టినప్పుడు డాక్టరు ఆ మాట అందుకొని సాగనిచ్చింది నూటికి 22 సార్లు. మిగతా 78 సార్లు ఏమన్నారో నేను వినలేదు గానీ, ఇంగ్లీషులో మీ తమ్ముడెవరో పలికుంటాడని నా అనుమానం. తర్వాత డాక్టర్లకు వాళ్ల సొంత మాటలే వినిపించి నేర్పితే మాట మెత్తబడిందంట, రోగులకు వాళ్ల మీద నమ్మకం పెరిగిందంట. అంటే ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు. ఎక్కాల మాదిరి నేర్చుకుంటే వస్తుంది.

ఇంక మీ పెద్ద వాదం, ధైర్యం చెడి మనిషి తొందరగా పోతాడని. 2010లో బోస్టన్‌లో జెన్నిఫర్ టెమెల్ అనే డాక్టరమ్మ 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపుకు దాంతోపాటు మొదట్నుంచే పాలియేటివ్ కేర్, అంటే నొప్పిని, ఆయాసాన్ని, మనసులో బరువును పట్టించుకొని, కూర్చోబెట్టి మాట్లాడే వైద్యం. రెండో గుంపులో దిగులు తగ్గింది. చివర్లో సూదులూ గొట్టాలూ తగ్గినాయి. బతికింది 11.6 నెలలు, మొదటి గుంపేమో 8.9. ఇవి మధ్యగతాలు, కావాలంటే మా తొమ్మిదో తరగతికి రాండి, చెప్తా. ఉన్నది ఉన్నట్టు మాట్లాడుకున్నందుకు ఎవరూ తొందరపడి పోలేదు సార్.

మన దేశంలో రూలు లేదా అంటే అదీ ఉంది. డాక్టర్లకు 2002లో పెట్టిన నియమావళిలో, జబ్బు తీవ్రతను పెంచి చెప్పొద్దు, తగ్గించీ చెప్పొద్దు అని రాసినారు. అంతటితో ఆగకుండా, రోగికి గానీ బంధువులకు గానీ బాధ్యత గల స్నేహితులకు గానీ తెలిసేట్టు చూడమన్నారు. మీరు దూరింది ఆ ‘గానీ’ సందులోంచే.

సరే, అసలు సంగతికొస్తా.

బస్సు కర్నూలు దాటినాక నాయిన కిటికీలోంచి బయటికి చూస్తా అడిగినాడు. "ఈసారి విత్తన శెనక్కాయ తీసుకోవాల్నా, వద్దా?"

ఆరెకరాల ప్రశ్న అది. తీసుకుంటే అమ్మ గాజులు మళ్లీ బ్యాంకుకు పోవాల. జూన్‌లో విత్తితే అక్టోబరు దాకా చేను మీద మనిషుండాల. ఆయన నన్ను అడిగింది విత్తనం గురించి కాదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకు తెలుసు. అయినా నా నోట్లోంచి ఏమొచ్చిందో చెప్పమంటారా? "తీసుకుందాంలే నాయినా. ఏం గాదులే."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. డోన్ దగ్గర అన్నాడు, "మూడు బోర్లేసినాం గదా. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని పాయింటు చూపిచ్చినోడు మూడుసార్లూ ఇదే మాటన్న్యాడు, ఏం గాదులేన్నా, నాలుగు నూర్లకే నీళ్లని. ఆర్నూరడుగులు పోయినా దుమ్మే గదరా." మళ్లీ కొంచెంసేపు ఆగి, "ఏం గాకపోతే ఆ వరండాలో నువ్వెందుకు ఏడ్చినావు?"

ఇంక మీరూ లేదు, గారూ లేదు. విను.

నువ్వు ధైర్యం కాదు. చెప్పలేనోడి నోట్లో కుక్కుకున్న గుడ్డవి. డాక్టరుకు రెండు నిమిషాలు మిగిలిస్తావు, నాకు ఏడుపు తప్పిస్తావు, మధ్యలో ఆ ముసలాయన్ను ఒంటరిగా కూర్చోబెడతావు. ఆయన నోరు తెరిస్తే మేం బాధపడతామని ఆయనా నిన్నే పట్టుకుంటాడు. ఇంట్లో నలుగురం, నలుగురి నోట్లో నువ్వే, ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకోం. పదకొండేళ్ల నుంచి చిన్నాయనతో మాటల్లేవు. కసాపురం ఆంజనేయస్వామి మొక్కు అట్నే ఉంది. అక్కకిస్తానన్న రెండెకరాలు ఇంకా కాగితం మీదికి రాలేదు. ఇవన్నీ ‘తర్వాత చూద్దాంలే’ అని పక్కన పెట్టించింది ఎవరు? తర్వాత అనేది ఎంతుందో చెప్పకుండా పెట్టించింది ఎవరు?

రాత్రి నొప్పికి ఆయన మంచం పట్టె పట్టుకొని పళ్లు కొరుకుతాంటే నిన్ను పూస్తే తగ్గుతుందా? దానికి మార్ఫిన్ అనే మాత్ర ఉంది. దాన్ని తీసే నల్లమందు మన దేశంలోనే చట్టప్రకారం పండుతుంది. మత్తుమందుల మీద 1985లో చేసిన చట్టంలోని చిక్కుముళ్లను 2014లో సడలించినారు కూడా. మందుల అంగట్లో అడిగితే మాత్రం గంజాయి అడిగినోణ్ని చూసినట్టు చూసినాడు.

రాత్రి మిద్దె మీద చాప పరిచి నాయిన పక్కన కూర్చున్నాను. చెప్పేముందు ఆయనకేం తెలుసో అడగమని ఎక్కడో చదివింటి. క్యాన్సరు డాక్టర్లకోసం 2000లో రాసిన ఆరు మెట్ల పద్ధతిలోది. అడిగినాను. "నీకేమనిపిస్తాంది నాయినా?" నేను చెప్పాల్సినంత ఏం మిగల్లేదు. ఆయనకు పేరొక్కటే తెలీదు, మిగతాదంతా ఒంట్లో చదువుకున్నాడు. "విత్తనం వద్దు" అన్నాడు. "చేను ఈ యేడు బీడు పెట్టు. మీ చిన్నాయనకు నేనే ఫోను చేస్తా, నువ్వు చెయ్యాకు." తర్వాత నిద్రపోయినాడు. నేను పోలేదు.

నిన్ను ఊర్లోంచి తరమాలని లేదు నాకు. చిన్నప్పుడు నన్ను తేలు కుడితే అమ్మ నిన్నే పిలిచింది. తెల్లారేటప్పటికి నిజంగానే ఏం కాలేదు. లెక్కల్లో ఫెయిలైన పిల్లోళ్లకు ఏటా మే నెలలో నేనే నిన్ను పంచుతా. ఆ పని చేసుకో, నీకు అన్నం పెడతాం.

సోమవారం మళ్లీ కర్నూలుకు పోవాల. ఈసారి డాక్టరు చెప్పేది ఏదైనా నాయిన ముందరే చెప్పాల, అడిగేది ఆయనే అడుగుతాడు. ఏమేం అడగాల్నో నాచేత పాత నోటుబుక్కులో రాయించుకున్నాడు, మొత్తం ఏడు ప్రశ్నలు. నువ్వు మాతో లోపలికి రాకు. వరండాలో ఆ బెంచీ మీదే కూర్చో. ఫ్యాను తిరగదు, అయినా నీకేం గాదులే.

ఇట్లు,
టోకెను నంబరు 43 గారి అటెండరు