తెల్ల బూడిద ఎరువు అనుకునేవాళ్లకి

ఎండలు ముదిరి నల్లమలలోనో శేషాచలంలోనో మంటలు లేచాయంటే చాలు, ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది. "అడవి కాలితే టెన్షన్ పడకండి. ఆకుల్లోని బలమంతా బూడిదై నేలకే చేరుతుంది. ఎంత బాగా కాలితే అంత మంచి ఎరువు. తెల్ల బూడిదైతే మరీ శ్రేష్ఠం. మంట తగిలితేనే గింజలు మొలుస్తాయి." ఇందులో కాస్త నిజం ఉంది. దాన్ని పట్టుకుని మిగతా అబద్ధం కూడా నమ్మేస్తున్నారనే నా బాధ.

బలమంతా నేలకే చేరదు. పైరుకు యూరియా చల్లేది నత్రజని కోసం. ఆకులో ఉన్న ఆ నత్రజని 200 డిగ్రీల సెల్సియస్ దాటగానే గాలిలో కలవడం మొదలవుతుంది. 500 దాటితే సగానికి పైగా పోతుంది. బూడిదలో కాల్షియం, మెగ్నీషియం, పొటాష్, భాస్వరం మిగులుతాయి, నిజమే. మంట 770 డిగ్రీల పైకి పోతే వాటిలో పొటాష్, భాస్వరం కూడా ఆవిరవుతాయి.

ఇక "ఎంత బాగా కాలితే అంత మంచిది" అన్న మాట. నేలమంట, అంటే నేల మీది ఎండుటాకుల్ని కాల్చుకుంటూ పోయే మంట, దాటిపోయిన చోట ఒక టేకు ఆకు తీసి చూడండి. నల్లగా మాడినా ఈనెలు కనిపిస్తుంటాయి, నలిపితే వేళ్లకు మసి అంటుతుంది. ఎండి పడిపోయిన మాను రోజంతా రగిలిన చోట మాత్రం, మాను పొడవునా తెల్లటి చార మిగులుతుంది. ఊదితే పిండిలా లేస్తుంది. రెండూ చెట్టువే, కానీ రసాయనం వేరు.

నల్లదానిలో ఇంకా కార్బన్ ఉంది. 300, 400 డిగ్రీల వేడికి ఆకులోని సెల్యులోజ్ అనే పీచు పదార్థం విరిగిపోయి, మిగిలిన కార్బన్ పరమాణువులు గట్టి వలయాలుగా అల్లుకుంటాయి. సూక్ష్మజీవులు వాటిని తొందరగా తినలేవు కాబట్టి ఆ బొగ్గు మట్టిలో వందల ఏళ్లు నిలవగలదు. తెల్లదానిలో ఆ కార్బన్ దాదాపు అంతా పొగైపోయింది. మిగిలింది ఎక్కువగా సున్నపురాయిలో ఉండే పదార్థమే, ఇంకా వేడెక్కితే అచ్చంగా సున్నమే. దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 దాటితే క్షారం) 10కి పైగా ఉండొచ్చు. మన అమ్మమ్మలు పొయ్యి బూడిదతో అంట్లు తోమింది ఆ క్షారం జిడ్డు వదిలిస్తుందనే. అంత క్షారమున్న బూడిద పలచటి అడవి మట్టి మీద మందంగా పేరుకుంటే ఎరువు ఎలా అవుతుంది?

గింజల మాటా సగం నిజమే. సెల్యులోజ్ కాలిన పొగలో కొన్ని మొక్కల గింజల్ని నిద్రలేపే కరికినోలైడ్ అనే పదార్థం ఉందని 2004లో పశ్చిమ ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు. కానీ పైమట్టిలోని గింజే ఉడికిపోయేంత మంట వస్తే, లేవడానికి గింజ ఎక్కడుంది?

మన ఆకురాల్చే అడవుల్లో ఎక్కువగా వచ్చేది నేలమంటే, మిగిలేది నల్ల బూడిదే. ఆ మాట ఒప్పుకుంటాను. అయినా ఏటా అదే చోట కాలితే, మట్టిలో కలవాల్సిన ఆకు నత్రజని ఏటా గాలిపాలే. పైగా కొండవాలు మీద బూడిద నిలవదు. ఆకుకప్పు లేని నేల మీద గట్టి వాన ఒక్కటి పడితే చాలు, పైమట్టితో కలిసి ఆ పొటాష్, భాస్వరం కిందున్న వాగులోకి దిగిపోతాయి.