మాత్ర వేసుకుంటున్నాం కదా అని పూరీలు పెంచకండి

మా విజయనగరంలో ఈమధ్య ఏ ఇంటికెళ్ళినా బీపీ మాత్రల పక్కన కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ షీటు కూడా కనబడుతోంది. ఆ మందు మీద నాకేం కోపం లేదు. గుండెపోట్లు తగ్గించే మంచి మందు అది. నా కోపమంతా అది చేతికొచ్చిన మర్నాటి నుంచి ఇంట్లో వినబడే మాట మీదే: "మాత్ర వేసుకుంటున్నాం కదా, ఇంకేం టెన్షన్?"

ఆ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో ఎవరూ చెప్పకపోబట్టే ఈ ధీమా. కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండిలోంచి రాదు, మన ఒళ్ళే తయారుచేసుకుంటుంది. కాలేయంలో జరిగే ఆ తయారీని అటోర్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ మాత్ర తగ్గిస్తుంది. కొలెస్ట్రాల్ చాలని కాలేయం అప్పుడు దాన్ని పట్టుకునే కొక్కేల్లాంటి రిసెప్టర్లను పెంచుకుని, రక్తంలో తిరిగే చెడు కొలెస్ట్రాల్‌ని, అంటే ఎల్‌డీఎల్‌ని, లోపలికి లాక్కుంటుంది. రిపోర్టులో అంకె తగ్గేది అందువల్లే. పామాయిల్, నెయ్యి, డాల్డాల్లో ఉండే సంతృప్త కొవ్వు సరిగ్గా ఆ రిసెప్టర్లనే తగ్గిస్తుంది. పొద్దున్న బండి దగ్గర పామాయిల్లో వేగిన పూరీలు తిని రాత్రి మాత్ర మింగడమంటే, ఒక చేత్తో నీళ్ళు తోడుతూ రెండో చేత్తో పోస్తున్నట్టే.

"తగ్గకపోతే డాక్టరుగారు డోసు పెంచుతార్లే" అంటారు. పెంచుతారు. కానీ 10 మిల్లీగ్రాములను 20 చేసినా, 20ని 40 చేసినా ప్రతిసారీ ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది దాదాపు 6 శాతమే. డోసు పెరిగేకొద్దీ కండరాల నొప్పుల్లాంటి ఇబ్బందుల భయమూ పెరుగుతుంది. ఆ 6 శాతాన్ని వంటనూనె మార్చి సంపాదించుకోవడం నయం కాదా?

సోంపేటలో మా అత్తతో ఈ మాటే అన్నాను. "కొబ్బరినూనె మన చెట్టుది బాబూ, అదేం చేస్తుంది?" అంది. చెట్టు మనదే గానీ అత్తా, ఆ నూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. వాట్సాప్‌లో ఎవరు ఎంత పొగిడినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వాళ్ళు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు రోసువాస్టాటిన్ అనే ఇంకో స్టాటిన్ డోసు తక్కువలోనే ఉంచాలి. కాబట్టి కొలెస్ట్రాల్ మాత్ర రాసే డాక్టరుకి కిడ్నీ రిపోర్టు కూడా చూపించి తీరాలి.

ఇక పంపరపనస. వినాయక చవితికి పాలవెల్లికి కట్టి, తర్వాత ఇంటిల్లిపాదీ తింటాం. గ్రేప్‌ఫ్రూట్ అనే పండు పేగుల్లో మందుని విరగ్గొట్టే ఎంజైముని అడ్డుకుంటుంది. దాంతో సింవాస్టాటిన్ అనే స్టాటిన్ రక్తంలోకి మోతాదుకి మించి చేరుతుంది, అటోర్వాస్టాటిన్ కూడా కొంత పెరుగుతుంది. ఆ గ్రేప్‌ఫ్రూట్‌కి తల్లి మన పంపరపనసే. అడ్డుపడే పదార్థాలు ఇందులోనూ ఉన్నాయి. పండగనాడు ఒక తొన తింటే కొంపలేం మునగవు, రోజూ కాయకి కాయ తినేవాళ్ళే డాక్టరుని అడగాలి. రోసువాస్టాటిన్‌కి ఈ గొడవ లేదు.

మాత్రకి తోడుపడే తిండి మాత్రం మన దగ్గర బోలెడుంది. ఉలవచారు, పప్పులు, బెండకాయ, చోడి (రాగి) అంబలి ఏవీ కొత్తగా నేర్చుకోవలసినవి కావు. పప్పుల్లోని కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది, దాన్ని మళ్ళీ తయారుచేసుకోవడానికి కాలేయం కొలెస్ట్రాల్‌ని వాడేసుకుంటుంది. ఇసబ్‌గోల్ పొట్టు కూడా అంతే. కాకపోతే అది మందుని కూడా పట్టేసుకోగలదు, అందుకని మాత్రకీ దానికీ కొన్ని గంటల ఎడం ఉండాలి.

రిపోర్టు బాగుందని మాత్ర మానేసి "ఇక పథ్యంతో లాక్కొస్తాం" అనేవాళ్ళున్నారు. కొన్ని వారాల్లోనే అంకె మళ్ళీ పైకెక్కుతుంది. డాక్టరు చెప్పకుండా మానొద్దు.

డాక్టర్లకూ ఒక మాట. "నూనె తగ్గించండమ్మా" అని చీటీ చేతిలో పెడితే సరిపోదండీ. ఏ నూనె, నెలకి ఎంత, ఏ పండు, మాత్రకీ ఇసబ్‌గోల్‌కీ ఎంత ఎడం అన్నది అరకాగితం మీద తెలుగులో అచ్చువేసి ఆ చీటీకి పిన్ను కొట్టి ఇవ్వండి.