డిస్‌క్లోజర్ దొరగారికి విన్నపం

మహారాజశ్రీ డిస్‌క్లోజర్ దొరగారి దివ్యసముఖానికి,

లండన్‌లో నేరస్థుల అప్పగింత కేసులు చూసే చిన్న లాయరు ఆఫీసులో ఫైళ్లు మోసే తెలుగువాడు నమస్కరించి వ్రాసుకొను విన్నపం.

తమరంటే ఎదుటిపక్షం తన దగ్గరున్న కాగితాలను మాకు బయటపెట్టడం. నిన్న మధ్యాహ్నం రెండింటికి తమరు కోర్టుకు దయచేస్తారని కబురొచ్చింది. నాలుగున్నర దాకా కూర్చున్నాం. చివరికి తమరు రాలేదు, తమ పేర పేజీన్నర ఉత్తరం వచ్చింది. మా క్లయింటును అప్పగించమని అడుగుతున్న దేశం మోసం చేసిందన్న మా ఆరోపణలు నిరాధారమట, ఆ దేశం సద్భావంతోనే నడుచుకుందట. నడుమ మూడు వాక్యాల మీద నల్లసిరా. దిష్టిచుక్క పెట్టమంటే ముఖమంతా కాటుక పులిమినట్టుంది. వెంట పంపిన పాత కాగితాల కట్టకు పేజీ నంబర్లయినా లేవు, పోనివ్వండి.

తమరి మర్యాద నాకు తెలియనిది కాదు. ఇక్కడే దొంగతనం చేసి ఇక్కడే దొరికినవాడి దగ్గరికి 1996 నాటి చట్టం తమను చేయి పట్టుకుని తీసుకొస్తుంది. తన కేసును బలహీనపరిచే కాగితమైనా సరే, ప్రాసిక్యూషన్ ఇచ్చి తీరాలి. అదే మనిషిని పరాయి దేశం అడిగితే, ఆ చట్టం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఫలానా కాగితం ఇమ్మని ఆ దేశాన్ని ఆజ్ఞాపించే అధికారం జడ్జికి లేదట. వివరాలు కోరవచ్చట.

అదైనా ఎప్పుడు? 2006లో టోల్‌మన్ దంపతుల కేసులో హైకోర్టు చెప్పిన మెట్లు నాకు కంఠస్థం. కోర్టు ప్రక్రియకు జరిగిన దుర్వినియోగం ఏమిటో నిర్దిష్టంగా చెప్పాలి. అది నిజమే అయితే దుర్వినియోగం కిందికి వస్తుందో లేదో తేలాలి. అలా జరిగి ఉండవచ్చని నమ్మడానికి సహేతుకమైన కారణాలు ఉండాలి. అప్పుడు గానీ అవతలివాళ్లకు సంజాయిషీ చెప్పుకునే బాధ్యత తగలదు. ఆ తర్వాతి మెట్టు బాగుంటుందని ఒప్పుకుంటాను. దుర్వినియోగం జరగలేదని జడ్జికి తృప్తి కలగకపోతే మనిషిని పంపకూడదు. కానీ నేను మూడో మెట్టు మీదే నిలబడి ఉన్నాను దొరా! ఆ కారణాలు ఏ కాగితాల్లో ఉన్నాయి? ఆ కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి? ఎవరు మోసం చేశారంటున్నామో వాళ్ల మొలతాడుకే తాళంచెవి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. మా ఊళ్లో దీన్ని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఇక్కడ గౌను తొడుక్కుని వాదిస్తున్నారు.

అడిగే దేశం నిజాయితీగా ఉండాలని ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని ఒక పై కోర్టు) నోల్స్ కేసులో చెప్పింది, నిజమే. తప్పిందని చూపాల్సింది మాత్రం పట్టుబడినవాడే. మళ్లీ అదే బీరువా.

సద్భావం మాట ఎత్తారు కనుక లోత్ఫీ రైసీని గుర్తు చేస్తాను. అల్జీరియా పైలట్. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కొద్దిరోజులకే పట్టుకున్నారు. హైజాకర్లకు శిక్షణ ఇచ్చాడని కోర్టులో చెప్పి బెయిలు అడ్డుకున్నారు. అమెరికా పంపిన అభ్యర్థనలో ఉన్న నేరాల్లో ఒకటేమిటో తెలుసా? పైలట్ లైసెన్సు దరఖాస్తులో మోకాలి ఆపరేషన్ సంగతి రాయలేదని! బోడిగుండుకూ మోకాలికీ ముడి అని మనం మాటవరసకు అంటాం. ఒక అగ్రరాజ్యం నిజంగానే మోకాలు పట్టుకుంది. బెల్‌మార్ష్ జైల్లో దాదాపు ఐదు నెలలు గడిచినా ఉగ్రవాదానికి ఆధారం రాలేదు. 2002 ఏప్రిల్‌లో జడ్జి కేసు కొట్టేశారు. 2010లో గానీ ఆయన పరిహారానికి అర్హుడని ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. మోకాలి సంగతి వెల్లడించనివాడికి జైలు. ఆధారమే వెల్లడించనివాళ్లకు సద్భావం!

ఇక దొర, దివ్యసముఖం ఆపేస్తున్నాను. నీకు సిగ్గు లేదు. దేశాల మధ్య మర్యాద అంటావు, ఆ మర్యాదకు అయ్యే ఖర్చు జైలుగదిలో ఉన్నవాడు కడుతున్నాడు. నువ్వు రాకపోతే వాయిదా పడుతుంది, వాయిదా పడితే వాడు లోపలే ఉంటాడు, నీకేం?

నిన్న బయటికి రాగానే మా క్లయింటు భార్య ఎదురొచ్చింది. "ఏమిచ్చారండీ?" అంది. ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. పేజీన్నర చదవడానికి ఎంతసేపు పడుతుంది? చదివేసి, వెనక్కి తిప్పి చూసింది, అక్కడేమైనా ఉందేమోనని.

ఇట్లు,
వచ్చే వాయిదాకూ అదే ఫైలు మోసుకొచ్చేవాడు