ఊరికి మేనేజర్ కావలెను

మన పల్లెలకు ఇన్నాళ్లూ ఉన్న అసలు లోటేమిటో మా అక్క కొడుకు రూరల్ మేనేజ్‌మెంట్‌లో చేరాకే నాకు తెలిసింది. నీళ్లు కాదు, కరెంటు కాదు, పత్తికి గిట్టుబాటు ధర అంతకన్నా కాదు. మేనేజర్ లేడు! నాట్లు పడుతున్నాయి, బోనాలు లేస్తున్నాయి, పీర్లు తిరుగుతున్నాయి, పంచాయతీలు తెగుతున్నాయి. అన్నీ అవుతున్నాయి గానీ ఎవరూ మేనేజ్ చేయకుండానే అవుతున్నాయి. ఇంత అరాచకాన్ని పరకాల నుంచి నర్సంపేట దాకా ఎలా భరించారో నాకైతే అర్థం కాదు.

మా బావకు మాత్రం ఈ చదువు మీద గురి కుదరలేదు. "ఊళ్లను ఎట్ల డెవలప్ చెయ్యాల్నో నేర్పుతరు బాపూ" అని వీడు చెప్తే, తువ్వాల దులిపి భుజాన వేసుకుంటూ, "ఊరి గురించి చదువుతందుకు పట్నం పోవుడేందిరా? బర్రెను కొనేటోడు పొదుగు చూస్తడు గని ఫొటో చూస్తడా?" అన్నాడు. రెండేళ్ల ఫీజు చెప్పాక ఆ మాట కూడా అనలేదు. చాయ తాగకుండానే లేచి పొలం వైపు వెళ్లిపోయాడు.

ఇది అజ్ఞానం. ఈ శాస్త్రానికి చరిత్ర ఉంది. పాల వెల్లువ తెచ్చిన కురియన్ గారు 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇందుకోసమే ఒక సంస్థ పెట్టారు. మన రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలోనూ ఈ చదువు ఉంది. ఆ కురియన్ గారు స్వయంగా చదివింది మెకానికల్ ఇంజినీరింగ్ కదా అని కొందరు కొంటెగా అడుగుతారు. అలాంటి ప్రశ్నలు ఇంటర్వ్యూలో వేయకూడదు.

ఇంకా ఇబ్బంది పెట్టేది ముల్కనూరు. భీమదేవరపల్లి మండలంలోని ఆ ఊళ్లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు 1956లో సహకార సంఘం పెట్టారు. అప్పు, విత్తనం, ఎరువు, చివరికి పండిన వడ్లు కొనడం దాకా అంతా ఆ ఒక్క గడపలోనే. తరవాత ఆడవాళ్లు స్వకృషి పేరుతో పాల డెయిరీ కూడా నడిపి చూపించారు. ఆనంద్‌లో కోర్సు పుట్టడానికి 23 ఏళ్ల ముందే ఇదంతా మొదలుపెట్టడం నా దృష్టిలో శుద్ధ తొందరపాటు. సిలబస్ వచ్చేదాకా ఆగాల్సింది. ఇప్పుడు చూడండి, పిల్లలు బస్సులో వెళ్లి ముల్కనూరు చూసి వచ్చి, అక్కడి రైతులు చేసిన పనికి ఇంగ్లిషులో పేర్లు బట్టీ పడుతున్నారు. గీసుగొండ మండలం గంగదేవిపల్లిదీ అదే కథ. నీళ్లకో కమిటీ, బడికో కమిటీ అంటూ ఊరంతా కమిటీలు వేసుకుని పని చేసుకున్నారు. వచ్చే సందర్శకులను మేనేజ్ చేయడానికి కూడా ఒక కమిటీ వేసుకుంటే మంచిదని నా మనవి.

ఇక ఫీల్డ్ వర్క్. దూరమైతే ఖర్చని మావాడు సొంతూరే ఎంచుకున్నాడు, నలుగురు దోస్తులతో దిగాడు. అక్క అన్నం వండింది. వీళ్లు రచ్చకట్ట దగ్గర ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీశారు. ఊరివాళ్లతో కలిసి ఊరి కష్టసుఖాలు తెలుసుకునే పద్ధతి అది. దాన్ని ప్రపంచమంతా చాటిన రాబర్ట్ చాంబర్స్ అనే బ్రిటన్ పండితుడు చెప్పింది ఒక్కటే: పటం గీసే కర్ర ఊరివాళ్ల చేతికిచ్చి, చదువుకున్నవాడు కాసేపు నోరు మూసుకోవాలి. ఒక ముసలమ్మ వచ్చి ముగ్గు వంక చూసి, "గిట్ల వంకరగ ఎవలేసిండ్రు బిడ్డా, మీ అమ్మలు నేర్పలేదా?" అని చీపురు తెచ్చింది. పటంలో సగం తూర్పు వాడ అక్కడికి సరి.

తరవాత సమస్యల వరస. ఏ సమస్య పెద్దదైతే దాని గడిలో అన్ని మక్కగింజలు పెట్టాలి. జనం హుషారుగా పెట్టారు. తాగునీటి గడి నిండింది. వీళ్లు ఫొటోలకు యాంగిల్ చూసుకునేలోపు నాలుగు కోళ్లు వచ్చి తాగునీటి సమస్యను తినేశాయి. అప్పుడు చాంబర్స్ గారి కర్ర నిజంగానే ఊరివాళ్ల చేతికి వెళ్లింది, కోళ్లను అదిలించడానికి. నివేదికలో తాగునీరు చివరి స్థానంలో ఉంటే ఎవరూ ఆశ్చర్యపోవద్దు.

అసలు సంగతి ఏమిటంటే, జనం గొంతెత్తి చెప్పింది కోతుల గురించి. మక్క పెట్టినా, పల్లి పెట్టినా, పెరట్లో బీరతీగ పాకించినా కోతుల పాలే. ఇంటి పైకప్పు పెంకు కూడా మిగలడం లేదు. మావాడి ప్రశ్నపత్రంలో నీటికి, రోడ్డుకు, చదువుకు కోడ్‌లు ఉన్నాయి గానీ కోతికి లేదు. కాబట్టి కోతులన్నీ 'ఇతరములు'లోకి వెళ్లాయి. పంటల క్యాలెండర్ దగ్గరా ఇదే పేచీ. జనవరి నుంచి డిసెంబరు దాకా 12 గడులు గీసి, విత్తనం ఎప్పుడని అడిగితే ఒక పెద్దాయన "మిరుగుల" అన్నాడు, అంటే మృగశిర కార్తెలో. జూనా జూలైయా అంటే, "మిరుగు అంటే మిరుగే, దానికి మళ్ల జూనేంది?" అన్నాడు. 27 కార్తెలను 12 గడుల్లో ఇరికించడానికి పిల్లలకు రాత్రి పదకొండు అయింది.

ఈ చదువు అయ్యాక ఉద్యోగాలు లేవని కాదు. పురుగుమందుల కంపెనీ ఉంది, చిన్న అప్పుల కంపెనీ ఉంది. ఊరికి ఏం కావాలో నేర్చుకున్నవాడి కన్నా ఊరికి ఏం అమ్మాలో బాగా ఎవరికి తెలుస్తుంది?

చివరి రోజు ఇంటింటి సర్వే. లాటరీ పద్ధతిలో ఇళ్లు తీస్తే మూడో చీటీ మా అక్క ఇల్లే వచ్చింది. చీటీ మార్చితే శాస్త్రం చెడుతుందని సార్ గట్టిగా చెప్పారట. వాడు అట్ట, పెన్ను పట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. అక్క చేటలో బియ్యం ఏరుతోంది.

"మీ పేరు?"

"పొద్దుగాల నుంచి అమ్మా అమ్మా అని అన్నం తిన్నవు గద."

"గట్ల కాదమ్మా, రాసుకోవాలె. పొదుపు సంఘంల ఉన్నరా?"

"పదేండ్ల నుంచి లీడర్‌ను. వారం వారం మీటింగు, పొదుపు, లోపల అప్పు, కిస్తీ, పుస్తకం రాసుడు. ఇంకేమన్న సదివిండ్రా మీ కాడ?"

వాడు తల దించుకుని టిక్కులు పెట్టాడు.

"అప్పు ఉన్నదా?"

"ఉన్నది."

"దేనికి తీసుకున్నరు? ఎవుసానికా, బర్రెకా, పెండ్లికా?"

"నీ ఫీజుకు."

ఆ ప్రశ్న కింద దానికి కోడ్ లేదు. వాడు కాసేపు కాగితం వంక చూశాడు, పెన్ను రెండుసార్లు విదిలించాడు, తరవాత కోతుల పక్కనే రాసుకున్నాడు.