సవరణ: కాస్ సర్టిఫికేషన్ దేనికి, దేనికి కాదు

అమెరికా అడ్రసులు సరిచూసే సాఫ్ట్‌వేర్లపై రాసిన పోస్టులో ‘కాస్ సర్టిఫికేషన్ ఉంటే ఉత్తరం చేరినట్టే’ అన్న వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండి: కాస్ (అడ్రసులు సరిచూసే సాఫ్ట్‌వేర్‌కు అమెరికా తపాలా శాఖ ఇచ్చే సర్టిఫికేషన్) చూసేది అడ్రసునే, మనిషిని కాదు. అది ఉన్న సాఫ్ట్‌వేర్ స్ట్రీట్ పేరు సరిదిద్ది, జిప్ ప్లస్ ఫోర్ (జిప్ కోడ్‌కు మరో నాలుగు అంకెలు) తగిలిస్తుంది.

అక్కడికి ఉత్తరం వెళ్తుందా లేదా చెప్పేది అందులోని డీపీవీ (అడ్రసు తపాలా శాఖ లిస్టులో ఉందో లేదో చూసే తనిఖీ). దాని జవాబుగా ‘వై’ వస్తే అడ్రసు సరైనదే. ‘డి’ వచ్చిందంటే బిల్డింగు దొరికింది గానీ అపార్ట్‌మెంట్ నంబరు రాయలేదని. మన శుభలేఖల లిస్టుల్లో తరచూ తగిలేది ఇదే! నంబరు రాసినా సరిపోలకపోతే ‘ఎస్’.

ఇల్లు మారినవాళ్ల కోసం ఎన్‌సీఓఏ లింక్ (తపాలా శాఖ దగ్గరున్న అడ్రసు మార్పుల డేటా) వేరే ఉండాలి. వాళ్లు పోస్టాఫీసుకు చెప్పి ఉంటేనే కొత్త అడ్రసు దొరుకుతుంది, అదీ 48 నెలల లోపుదైతేనే. కొన్ని సర్వీసుల దగ్గర 18 నెలల డేటానే ఉంటుంది, డబ్బు కట్టేముందు అడగండి.