కంట్రోల్ స్లైడ్ దండగ అంటున్న మెసేజ్‌కు జవాబు

హైదరాబాద్ ల్యాబ్ టెక్నీషియన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కంట్రోల్ స్లైడ్ అంటే ఫలితం ముందే తెలిసిన టిష్యూ ఉన్న స్లైడ్. పేషెంట్ స్లైడ్‌తో పాటే దానికీ రంగు (స్టెయిన్) వేసి, రంగు సరిగా పనిచేసిందో లేదో చూసుకుంటాం. వెతికేది ఉన్న టిష్యూ పాజిటివ్ కంట్రోల్, లేనిది నెగెటివ్ కంట్రోల్. టిష్యూను పారాఫిన్ మైనంలో పెట్టి చేసేది బ్లాక్, దాన్నుంచి కోసే పలుచటి పొర సెక్షన్. టిష్యూను మైక్రోస్కోప్ కింద చూసి జబ్బును గుర్తించడమే హిస్టోపాథాలజీ. ఆ మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "హిస్టోపాథాలజీలో ప్రతిసారీ కంట్రోల్ స్లైడ్ పెట్టడం దండగ. చేయి తిరిగినవాళ్లకు రంగు చూస్తేనే తెలుస్తుంది. పెట్టాలనుకుంటే వారానికోసారి చాలు. బాగా పాజిటివ్ ఉన్న బ్లాక్ ఒకటి పట్టుకుని ఒకేసారి వంద సెక్షన్లు కట్ చేసి పెట్టుకోండి, ఏడాది గడిచిపోతుంది. ఆటో స్టెయినర్ ఉంటే అదీ అక్కర్లేదు. నెగెటివ్ కంట్రోల్ అయితే శుద్ధ దండగ. ఇదంతా కంట్రోల్ స్లైడ్లు అమ్ముకునే కంపెనీల కోసం పెట్టిన ఖర్చు."

రాసినవాళ్లెవరో పేరు లేదు. కానీ డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో చిన్న ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు దీన్ని నమ్ముతున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"చేయి తిరిగినవాళ్లకు రంగు చూస్తేనే తెలుస్తుంది."

ప్రతి టిష్యూకూ మామూలుగా వేసే హెచ్ అండ్ ఇ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) రంగు వరకు ఈ మాటలో కొంత నిజముంది. ఏ టిష్యూలోనైనా న్యూక్లియస్‌లు ఉంటాయి, ఎర్రకణాలుంటాయి, కండరమో కొల్లాజెనో ఉంటుంది. హెమటాక్సిలిన్ నీరసించినా, ఇయోసిన్ ఎక్కువైనా ఆ స్లైడ్‌లోనే కనిపిస్తుంది. అయినా పొద్దున్నే ఒక అపెండిక్స్ సెక్షన్ వేసి చూసుకోవడం మంచిది. తేడా ఏదైనా ఉంటే మిగతా ట్రేలన్నీ పాడవకముందే తెలుస్తుంది. మన ఊళ్లో బ్లూయింగ్‌కు (హెమటాక్సిలిన్ నీలంగా తేలేలా కడగడానికి) కుళాయి నీళ్లో బోరు నీళ్లో వాడే ల్యాబులున్నాయి. వేసవిలో ట్యాంకర్ మారితే నీళ్ల గుణం కూడా మారుతుంది.

ఏదో ఒకదాన్ని ప్రత్యేకంగా చూపించే స్పెషల్ స్టెయిన్ల దగ్గర మాత్రం ఈ లెక్క నడవదు. టీబీ క్రిములను ఎర్రగా చూపించే జీల్-నీల్సన్ (జెడ్‌ఎన్) స్టెయిన్‌నే తీసుకోండి. మెడలో గడ్డ, లింఫ్ నోడ్ తీసి పంపారు. గ్రాన్యులోమాలు (కణాల గుంపులు) ఉన్నాయి, మధ్యలో నెక్రోసిస్ (చచ్చిన టిష్యూ) ఉంది. జెడ్‌ఎన్ చేశారు. ఆయిల్ ఇమ్మర్షన్ కింద ఎంత వెతికినా అంతా నీలమే. ఎందుకు? ఆ సెక్షన్‌లో బ్యాసిలై (టీబీ క్రిములు) లేకపోవచ్చు. ఎర్ర రంగైన కార్బల్ ఫుక్సిన్‌ను ఆవిరి లేచేదాకా వేడి చేయకపోవడం వల్ల రంగు బ్యాసిలస్ మైనపు పొరలోకి దిగకపోవచ్చు. దిగిన రంగు కూడా యాసిడ్ ఆల్కహాల్‌లో ఎక్కువసేపు ఉంచితే కొట్టుకుపోయి ఉండొచ్చు. ఈ మూడు సందర్భాల్లోనూ స్లైడ్ ఒకేలా ఉంటుంది, శుభ్రంగా, నీలంగా, చూడముచ్చటగా. కనిపించనిది ఎందుకు కనిపించలేదో స్లైడ్ చూసి చెప్పగలిగేంత అనుభవం ఎవరికీ ఉండదు. కంట్రోల్‌లో సన్నని ఎర్రటి కడ్డీలు కనిపించినప్పుడే తర్వాతి రెండు కారణాలూ తప్పుకుంటాయి. "ఏఎఫ్‌బీ (యాసిడ్‌కు రంగు వదలని బ్యాసిలై) కనిపించలేదు" అని రాసి పాథాలజిస్ట్ సంతకం పెట్టగలిగేది ఆ కంట్రోల్ చూశాకే. ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి మందులు మొదలుపెట్టాలా వద్దా అని ఎదురుచూస్తున్న మనిషి అవతల ఉన్నారు.

"వారానికోసారి చాలు."

దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఇనుమును చూపే పెర్ల్స్ స్టెయిన్‌కు పొటాషియం ఫెర్రోసయనైడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడే ముందే కలుపుతాం. ఫంగస్‌ను చూపే జీఎంఎస్‌కు మెథనమైన్ సిల్వర్ కూడా అప్పటికప్పుడే. పీఏఎస్ స్టెయిన్‌లో వాడే షిఫ్ రీఏజెంట్ సీసా తెరిచిన నాటి నుంచీ బలం తగ్గుతూనే ఉంటుంది. అంటే ప్రతి రన్నూ ఒక కొత్త రన్నే. సోమవారం పెట్టిన కంట్రోల్ సోమవారానికే సాక్ష్యం చెబుతుంది, గురువారానికి కాదు.

పైగా కొన్ని స్టెయిన్లలో కంట్రోల్ లేకుండా పని సాగనే సాగదు. జీఎంఎస్ చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. వెచ్చటి వెండి ద్రావణంలోంచి కంట్రోల్ స్లైడ్‌ను ప్లాస్టిక్ ఫోర్సెప్స్‌తో తీస్తాం. మెటల్ తగిలితే వెండి దానిమీదే పేరుకుంటుంది. స్లైడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, తడి ఆరకముందే మైక్రోస్కోప్ కింద పెడతాం. ఫంగస్ గోడలు ముదురు గోధుమ రంగుకు వచ్చి, వెనక టిష్యూ లేత పసుపులో ఉంటే ఆపాలి. ఇంకా రాకపోతే మళ్లీ ద్రావణంలోకి. గడియారం చూసి ఆపితే ఒకరోజు తక్కువవుతుంది, మరో రోజు టిష్యూ అంతా నల్లబడుతుంది. ఎప్పుడు ఆపాలో చెప్పేది కంట్రోలే.

"బాగా పాజిటివ్ ఉన్న బ్లాక్ పట్టుకోండి, వంద సెక్షన్లు కట్ చేసి పెట్టుకోండి."

మెసేజ్ మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ సలహానే. వినడానికి సబబుగా ఉంటుంది, సీనియర్లు కూడా కొందరు ఇదే చెబుతారు. కానీ బ్యాసిలై కుప్పలు కుప్పలుగా ఉన్న బ్లాక్‌ను కంట్రోల్‌గా పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ఫుక్సిన్ సగం బలంతో ఉన్నా, డీకలరైజేషన్ కాస్త ఎక్కువైనా, ఆ కుప్పల్లో ఎన్నో కొన్ని ఎర్రగా మిగిలే ఉంటాయి. "కంట్రోల్ పాజిటివ్" అని టిక్ పెడతాం. పక్కనున్న పేషెంట్ స్లైడ్‌లో వెతికితే ఒకటో రెండో దొరకాల్సిన బ్యాసిలై అదే యాసిడ్ ఆల్కహాల్‌లో రంగు పోగొట్టుకుని ఉంటాయి. వెతికితే గానీ దొరకనంత తక్కువ బ్యాసిలై ఉన్న బ్లాక్ కంట్రోల్‌గా మంచిది. అందులో అవి కనిపించాయంటే స్టెయిన్ నిజంగా పనిచేసినట్టు.

యాంటీబాడీతో టిష్యూలోని ప్రోటీన్లను గుర్తించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో (ఇమ్యునోలో) ఇదే విషయం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) 1 శాతం కణాల్లో కనిపించినా పాజిటివ్ కిందే లెక్క. 1 నుంచి 10 శాతం దాకా ఉంటే "లో పాజిటివ్" అని విడిగా రాయాలని 2020లో అమెరికాలోని క్యాన్సర్ వైద్యుల సంస్థ ఏఎస్‌సీఓ, పాథాలజిస్టుల సంస్థ క్యాప్ మార్గదర్శకాలు చెప్పాయి. 90 శాతం కణాలు నల్లగా మెరిసే ట్యూమర్‌ను కంట్రోల్‌గా పెడితే, యాంటీబాడీ బలం తగ్గిన సంగతి దాంట్లో బయటపడదు. అందుకే ఈఆర్‌కు టాన్సిల్ పెట్టమంటారు. జెర్మినల్ సెంటర్లలో అక్కడక్కడా కొన్ని కణాలు, పైనున్న స్క్వామస్ పొరలో కొన్ని కణాలు తేలిగ్గా రంగు పట్టాలి. చుట్టూ ఉన్న మ్యాంటిల్ జోన్ లింఫోసైట్లు ఒక్కటీ పట్టకూడదు. ఒకే ముక్కలో బలహీన పాజిటివ్ ఉంది, నెగెటివ్ ఉంది. ఆ తేలికపాటి కణాలు మాయమైన రోజున ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఇంకో చోటో హార్మోన్ మాత్రలు అందాల్సిన ఒక అమ్మకు అవి అందకుండా పోయే ప్రమాదం ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో చూసే మరో ప్రోటీన్ హెర్-2కు కూడా 3+ (గట్టిగా రంగు పట్టింది) ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు, 1+, 2+ కూడా పక్కన ఉండాలి.

ఏ జీవి, ఏ జాతి అన్నది కూడా చూడాలి. 2021 మే నెలలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని బ్లాక్ ఫంగస్‌కు నోడల్ కేంద్రం చేసిన రోజుల్లో వచ్చిన మ్యూకర్ బయాప్సీలు ఈ రంగంలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటాయి. జీఎంఎస్‌లో మ్యూకర్ హైఫీలు (ఫంగస్ పోగులు) క్యాండిడా, ఆస్పర్జిలస్‌ల మాదిరి వెండిని గట్టిగా పట్టవు. క్యాండిడా కంట్రోల్ నల్లబడగానే రన్ ఆపేస్తే, పేషెంట్ స్లైడ్‌లో వెడల్పాటి మ్యూకర్ హైఫీలు పాలిపోయి, చూపు తప్పించుకుంటాయి. కుష్ఠుకు చేసే ఫైట్ స్టెయిన్‌కు టీబీ కంట్రోల్ పెట్టడం కూడా ఇలాంటి పొరపాటే. లెప్రా బ్యాసిలస్ యాసిడ్‌ను అంతగా తట్టుకోలేదు కాబట్టే అక్కడ వేరుశనగ నూనె, జైలీన్ కలిపి వాడతాం, యాసిడ్ పలుచన చేస్తాం. టీబీ బ్యాసిలై నిలిచినంత మాత్రాన లెప్రావి నిలిచాయని కాదు.

ఇక వంద సెక్షన్ల సంగతి. కట్ చేసిన సెక్షన్ బ్లాక్‌లా భద్రంగా ఉండదు. గాలి తగిలి యాంటిజెన్లు (యాంటీబాడీ పట్టుకునే ప్రోటీన్లు) క్రమంగా దెబ్బతింటాయి. ఈఆర్, హెర్-2 లాంటి వాటికి కట్ చేసి ఆరు వారాలు దాటిన సెక్షన్లు వాడొద్దన్నది ఇప్పటికే ఉన్న నియమం. మే నెలలో ఏసీ లేని గదిలో, 40 డిగ్రీలు దాటిన వేడిలో డ్రాయర్‌లో పడి ఉన్న సెక్షన్ల గతి ఇక చెప్పక్కర్లేదు. అమిలాయిడ్ అనే అసాధారణ ప్రోటీన్‌ను చూపే కాంగో రెడ్‌కు కూడా పాత అమిలాయిడ్ సెక్షన్లు సరిగా పలకవు. అప్పటికప్పుడు 8 నుంచి 10 మైక్రాన్ల మందంలో కట్ చేసుకుంటేనే పోలరైజర్ కింద ఆ ఆపిల్ పచ్చ మెరుపు నమ్మకంగా కనిపిస్తుంది. పాత సెక్షన్ కంట్రోల్ పలకకపోతే తప్పు స్టెయిన్‌దా, సెక్షన్‌దా అని సగం పూట టెన్షన్ పడాలి. తప్పనిసరై ముందే కట్ చేస్తే కొన్నే చేయండి, తేదీ రాయండి, పారాఫిన్‌లో ముంచి ఫ్రిజ్‌లో పెట్టండి.

"ఆటో స్టెయినర్ ఉంటే అక్కర్లేదు."

మెషీన్ వచ్చాక కంట్రోల్ అవసరం తగ్గలేదు, పెరిగింది. చేత్తో చేసినప్పుడు ఒక జార్‌లోని స్లైడ్లన్నిటికీ ఒకే ద్రావణం అందుతుంది, కాబట్టి ఒక కంట్రోల్ మొత్తం జార్‌కు సాక్ష్యం. ఇమ్యునో మెషీన్‌లో ఒక్కో స్లైడ్‌కు రీఏజెంట్ విడిగా పడుతుంది. ఏడో స్లైడ్ మీద గాలి బుడగ వచ్చి యాంటీబాడీ సరిగా పరుచుకోకపోతే, ఒకటో స్థానంలో ఉన్న కంట్రోల్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అందుకే పేషెంట్ సెక్షన్ ఉన్న గ్లాస్ మీదే ఒక చివర కంట్రోల్ ముక్క కూడా ఎక్కించాలి. స్లైడ్ ఖర్చు పెరగదు, మెషీన్‌లో చోటు కూడా మిగులుతుంది.

"నెగెటివ్ కంట్రోల్ శుద్ధ దండగ."

ఇందులో ఒక ముక్క సరైనదే. బయోటిన్ (కణాల్లో సహజంగా ఉండే ఒక విటమిన్) లేని పాలిమర్ డిటెక్షన్ వాడే ల్యాబుల్లో, ప్రైమరీ యాంటీబాడీ వేయకుండా ప్రతి కేసుకూ విడిగా స్లైడ్ పెట్టాలా వద్దా అన్నది ల్యాబ్ బాధ్యులు నిర్ణయించుకోవచ్చు. పాత బయోటిన్ పద్ధతిలో కాలేయం, కిడ్నీ వాటంతట అవే రంగు పట్టేవి కాబట్టి అప్పట్లో అది తప్పనిసరి. కానీ ఈ సడలింపు ఇమ్యునోకే. జెడ్‌ఎన్‌లో నెగెటివ్ టిష్యూ వదిలేస్తే ఇంకో రకం ప్రమాదం ఉంది. కుళాయి నీళ్లలో, సెక్షన్లు తేల్చే, కడగని వాటర్ బాత్ అంచున పేరుకున్న జిగురులో టీబీకి సంబంధం లేని మైకోబ్యాక్టీరియా ఉంటాయి. అవి సెక్షన్ మీదకు తేలి వచ్చి ఎర్రగా కూర్చుంటాయి. ఒకే జార్‌లో ఉంచితే బ్యాసిలై నిండిన కంట్రోల్ నుంచి కూడా కొన్ని ఊడి పక్క స్లైడ్ మీదకు చేరవచ్చు. నెగెటివ్ టిష్యూలో ఎర్ర కడ్డీలు కనిపిస్తే ఆ రన్ మొత్తం ఆపి వెతకాలి. పేషెంట్ స్లైడ్‌లో కడ్డీలు కణాలతో కలిసి ఫోకస్‌లోకి రాకుండా కాస్త పైన విడిగా వస్తుంటే అనుమానించాల్సిందే. గ్లైకోజన్ లాంటి చక్కెర పదార్థాలను చూపే పీఏఎస్‌లో, గ్లైకోజన్‌ను తొలగించే డయాస్టేజ్ ఎంజైమ్ వేసినప్పుడు కూడా అంతే, గ్లైకోజన్ ఉన్న కాలేయం ముక్కలో రంగు పోయిందని చూశాకే ఎంజైమ్ పనిచేసిందని అనుకోవాలి.

"కంపెనీల కోసం పెట్టిన ఖర్చు."

కొనమని ఎవరన్నారు? ల్యాబుల అక్రిడిటేషన్‌కు (నాణ్యత గుర్తింపుకు) ఆధారమైన ఐఎస్‌ఓ 15189 ప్రమాణం నాణ్యత చూసుకోమంటుంది, ఫలానా కంపెనీ స్లైడ్ కొనమనదు. అసలు కొన్న స్లైడ్ కన్నా మన ల్యాబులో తయారైనదే మేలు. కొన్నది వేరే చోట, వేరే ఫార్మలిన్‌లో, వేరే ప్రాసెసర్‌లో తయారైంది. మన టిష్యూ నడిచిన దారిలో అది నడవలేదు.

కావలసిన టిష్యూ రోజూ గ్రాసింగ్ టేబుల్ (స్పెసిమెన్లు కోసే బల్ల) మీదకు వస్తూనే ఉంటుంది. అపెండిక్స్ ఒక్కటే ఎన్ని పనులకు వస్తుందో చూడండి: మ్యూసిన్‌కు గ్లాండ్లు, ట్రైక్రోమ్‌కు కండరం, ఇమ్యునోలో ఎస్-100కు నరాలు, లింఫోసైట్ మార్కర్లకు ఫాలికిల్స్. రెటిక్యులిన్‌కు కాలేయం, ఎలాస్టిక్‌కు ధమని గోడ, ఫంగస్‌కు సైనస్ నుంచి వచ్చిన మెటీరియల్. రిపోర్టుకు కావలసినవన్నీ తీసుకున్నాక మిగిలిన టిష్యూలోంచే తీయాలి. పేషెంట్ డయాగ్నోస్టిక్ బ్లాక్‌ను కంట్రోల్ కోసం అరగదీయడం ఎప్పటికీ తప్పే, ఆ మనిషికి రేపు మళ్లీ ఆ బ్లాక్ అవసరం పడొచ్చు. పేరు తీసేసి నంబరు మాత్రం ఉంచండి. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటల మధ్య ఫిక్స్ చేయండి. టీబీ అనుమానమున్న నోడ్‌లు పూర్తిగా ఫిక్స్ అయ్యేదాకా ముట్టుకోకండి. మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి నాలుగైదు టిష్యూలు ఒకే బ్లాక్‌లో కూర్చండి. బ్యాటిఫోరా అనే పాథాలజిస్ట్ 1986లో చూపించిన సాసేజ్ బ్లాక్ వెనకున్న ఆలోచన కూడా ఇలా ఒకే బ్లాక్‌లో చాలా టిష్యూలు పెట్టడమే. దానికి కావలసింది బ్లేడు, ఓపిక.

ఒక్క జాగ్రత్త. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో బస్సు పార్సిల్‌లో వచ్చిన స్పెసిమెన్ ఏ ఫార్మలిన్‌లో ఎన్ని గంటలుందో మనకు తెలియదు. మన కంట్రోల్ బాగా వచ్చినంత మాత్రాన ఆ టిష్యూ బాగున్నట్టు కాదు. అక్కడ పేషెంట్ సెక్షన్‌లోనే ఉన్న మామూలు కణాలను, అంటే రొమ్ము బయాప్సీలో ట్యూమర్ పక్కనున్న నార్మల్ డక్టులను, చూడాలి. అవి కూడా ఈఆర్ పట్టకపోతే నెగెటివ్ అని రాయకూడదు, ఇంకో బ్లాక్ అడగాలి.

కంట్రోల్ బ్లాక్ అయిపోవచ్చే దశలో కొత్తది మొదలుపెట్టేటప్పుడు పాతదీ కొత్తదీ ఒకే రన్‌లో పక్కపక్కన స్టెయిన్ చేసి, రెండూ ఒకేలా వచ్చాయని చూసుకుని, కొత్త బ్లాక్ నంబరు, తేదీ, చూసినవాళ్ల సంతకం రిజిస్టర్‌లో రాయండి.